సెలవుల్లో పూర్తయ్యే బొంత

ఖమ్మం జిల్లా సింగరేణి మండల కేంద్రమైన కారేపల్లి వంటి అడవి అంచు ఊళ్లకు చలికాలంలో ఎంతో అక్కరకు వచ్చే బొంత, అనగా పాత నూలు చీరలను పొరలుగా పరచి, పైన రంగురంగుల పేలికలు అతికి కుట్టిన దళసరి దుప్పటి, సగంలో ఆగిపోతే దానిని ముగించడానికి సంక్రాంతి సెలవులు చక్కని అదను. ముడతలను అరచేతితో నడిమి నుండి అంచులకు నెట్టి, పొరలు జరగకుండా టాకాలు, అంటే తరువాత విప్పివేసే పొడవాటి కుట్లు, వేసిన పిమ్మటనే బియ్యపుగింజంత కుట్లతో వరుసలు సాగించాలి. పలుమార్లు ఉతికిన నూలు సూదికి లొంగినట్లు జారుడు పాలిస్టరు లొంగదు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ తెగ స్త్రీలు తమ బొంతైన కవందిని అంచున మొదలుపెట్టి నడిమికి కుట్టుకొస్తారు. నాలుగు మూలలా త్రికోణంగా మడిచిన గుడ్డపూలు అమరేవరకు దానిని పూర్తయినదిగా ఎంచరు.