స్తన్యమునకు సెలవేది?

బిడ్డ త్వరగా పాలు మానినచో లోకము తల్లినే నిందించును. అది న్యాయము కాదు. ఆఱు మాసములు తల్లిపాలే చాలుననియు, పిదప నితరాహారముతోబాటు రెండేండ్లును, ఆపైనను నీయవచ్చుననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. కాని 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, ఆఱు మాసములలోపు శిశువులలో నూటికి 64గురికే కేవల స్తన్యము లభించినట్లు తేలినది.

బిడ్డ యెంత కుడిచిన పాలంతగా నూరును. ఎడబాటు కలిగినచో ఊట తగ్గును. సంస్థలలో పనిచేయు స్త్రీలకు 2017 చట్టసవరణము, ఇద్దరు బిడ్డలవఱకు, 26 వారముల సెలవు నొసగెను. నాట్లకును, కలుపునకును పోవు కూలితల్లికి సెలవిచ్చు యజమాని యెవడు? పోనిచో కూలి లేదు. పోయినచో బిడ్డకు పాలు లేవు. భర్త యాసరా, అత్తగారి సాయము, పనిచోట నింత నీడ యున్న తల్లి చాలకాలము పాలీయగలదు.

కావున తల్లికి హితబోధ చేయుటకు ముందు పొలముగట్టున నొక యుయ్యెల కట్టింపుడు.