చచ్చిన గొడ్డు మనకు, డాక్టరు కుర్చీ ఎవరికి?

(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట పశువుల ఆస్పత్రి గురించి మాట్లాడుకుందాం. ఇదేం ఉద్యమ విషయం అని కొందరికి అనిపించవచ్చు. ఊళ్లో గొడ్డు చస్తే మొదట కబురొచ్చింది ఎవరికి? మన వాడకే. ఈడ్చింది మనం, తోలు ఒలిచింది మనం, లందలో తంగేడు చెక్క వేసి ఊనబెట్టింది మనం. ఆ తోలుతో మోట తొండం కుట్టిచ్చాం, చెప్పులు కుట్టిచ్చాం. కల్లం కాడ వాళ్లు విదిల్చిన గింజలు తెచ్చుకున్నాం. రోగంతో చచ్చిన పశువు కడుపులో ఏముందో కళ్లారా చూసినోళ్లం మనమే. మరి పశువుకు వైద్యం చేసే సర్కారు కొలువు వచ్చిననాడు మనల్ని ఎక్కడ ఉంచారు?

తెల్లదొరకు ముందు గుర్తుకొచ్చింది పటాలం గుర్రం. 1808లో కంపెనీ వాళ్లు విలియం మూర్‌క్రాఫ్ట్ అనే పశువైద్యుణ్ణి ఇంగ్లండు నుంచి రప్పించింది బీహారులోని పూసా గుర్రాల క్షేత్రానికే. 1862లో పూనాలో పశువైద్య బడి పెట్టిందీ సైన్యమే.

ఎద్దు తర్వాత గుర్తుకొచ్చింది. ఎద్దు చస్తే దుక్కి ఆగుతుంది, దుక్కి ఆగితే శిస్తు ఆగుతుంది. ఆ రోజుల్లో రిండర్‌పెస్ట్ మందలకు మందల్నే ఊడ్చేది. మన పల్లెల్లో ముసర అనీ, పెద్దరోగం అనీ అనేవాళ్లు. మద్రాసు రాజధానిలో 1866లో పశువ్యాధుల చట్టం చేశారు. 1869లో సర్కారు కమిషన్ వేసింది. ఇది అంటురోగమని ఆ కమిషన్ 1871లో నివేదిక ఇచ్చింది. అయినా మామూలు జనం పశువుల కోసం సివిల్ వెటర్నరీ శాఖ ఏర్పడేసరికి 1890లు వచ్చాయి.

ఈలోపల పశువులు చస్తూనే ఉన్నాయి. నింద ఎవరి మీద పడింది? ఉత్తరాదిన చమార్ల మీద. తోళ్ల కోసం పశువులకు పాషాణం పెడుతున్నారని దొరల కాగితాల్లో రాసుకున్నారు. ఎవడో ఒకడు విషం పెట్టి ఉండొచ్చు. దానికి కులం మొత్తాన్నీ దొంగచూపు చూడటం ఏం న్యాయం? తోళ్లు ఓడలెక్కి సీమకు పోతుంటే లాభం తిన్న షావుకారు మర్యాదస్తుడయ్యాడు. ఒలిచిన చెయ్యి నేరస్తురాలయింది.

ఇక కాలేజీల సంగతి. లాహోరులో 1882, బొంబాయిలో 1886, కలకత్తాలో 1893. మన మద్రాసు కాలేజీ 1903 అక్టోబరు 1న సైదాపేటలో 20 మంది విద్యార్థులతో మొదలైంది. తర్వాత వేపేరికి మారింది. కొలువులో పై మెట్టు సీమలో చదివొచ్చిన తెల్లవాళ్లది. కింద పనిచేసే వెటర్నరీ అసిస్టెంట్ల కోసమే ఈ కాలేజీలు. అక్కడ చేరాలంటే ముందు బడి చదువు ఉండాలి. బడి గడపే తొక్కనివ్వని వాళ్లం, కాలేజీ గడప ఎట్లా తొక్కుతాం? పుస్తకంలో చదివిన శరీరశాస్త్రం ఉద్యోగమయింది. చేతిలో ఉన్నది వెట్టి అయింది.

మేం ఆ శాస్త్రాన్ని కాదనడం లేదు. కుమావూ కొండల్లోని ముక్తేశ్వర్ ప్రయోగశాలలో 1920ల్లో ఎడ్వర్డ్స్ మేకల మీద పెంచిన వైరస్‌తో టీకా తయారుచేశాడు. అట్లాంటి టీకాల బలంతోనే చివరికి ఆ రోగం మన దేశం నుంచి పోయింది. 2011లో లోకంలోనే లేదని ప్రకటించారు. మంచి పనే. ఆ మంచి పనిలో మన చెయ్యి ఉండాల్సిన చోట లేదు, అదే మా మాట.

1927లో మహద్‌లో బాబాసాహెబ్ చచ్చిన గొడ్డు మాంసం మానమన్నారు. ఆ మాటలో ఆత్మగౌరవం ఉంది, ఆరోగ్యమూ ఉంది. గొడ్డు ఉన్నట్టుండి చచ్చి, ముక్కులోంచీ ముడ్డిలోంచీ నల్లటి నెత్తురు కారి గడ్డకట్టకపోతే అది దొమ్మ, అంటే ఆంత్రాక్స్ అని అనుమానించాలి. ఎవరు బతిమాలినా, ఎవరు బెదిరించినా దాన్ని కొయ్యొద్దు, ఒలవొద్దు, తినొద్దు. డాక్టరుకు కబురు పెట్టించండి. లోతుగా గొయ్యి తీసి సున్నం పోసి పూడ్చాలి. ఆ పని ఊరందరిదీ, మన ఒక్కరిదే కాదు.

కార్యకర్తలు చేయాల్సిన పనులు రెండున్నాయి. ఒకటి, టీకాలేసే రోజున డాక్టరు ఊళ్లో పెద్దరైతు కొట్టం కాడే ఆగిపోకుండా మన వాడకు రావాలి. మన మేకకూ మన బర్రెకూ సూది వెయ్యాలి. రాకపోతే అర్జీ రాయండి, పదిమంది వెళ్లి అడగండి. రెండు, పదో తరగతి పాసైన మన పిల్లలకు పశుసంవర్ధక పాలిటెక్నిక్ ఉంది. ఇంటర్‌లో బైపీసీ చదివితే వెటర్నరీ డిగ్రీ ఉంది. రిజర్వేషన్ సీట్లున్నాయి. దరఖాస్తు తేదీ దాటిపోయాక తెలుసుకుంటే లాభం లేదు. మేం మా ఇళ్లల్లో మొదటి తరం చదువుకున్నోళ్లం. ఫారాలు నింపిపెట్టడం మా పని. పిల్లల్ని పంపడం మీ పని.

గొడ్డును ఈడ్చిన తాడు మన తాతల చేతుల్లో పెట్టారు. స్టెతస్కోపు మాత్రం ఎవరూ తెచ్చి మన చేతిలో పెట్టరు, మనమే తెచ్చుకోవాలి.

జై భీమ్!