మన సీమకు వచ్చు అతిథులు



సంక్రాంతి సమీపించిన తోడనే మన గౌతమీతీరపు బాటలమీద కొత్తబండ్లు కనబడును. హైదరాబాదునుండియు, చెన్నపట్టణమునుండియు, బెంగుళూరునుండియు జనులు పిల్లాపాపలతో వచ్చి, కొబ్బరితోటలను, కాలువలను, దేవాలయములను చూచి పోవుచున్నారు. వారిలో మన బంధువులును కలరు, మనమెరుగనివారును కలరు. వారు బండి నిలిపి మొదట అడుగునది రచ్చబండమీద కూర్చున్న మనవంటి ముసలివారినే. “తాతగారూ! ఇక్కడ చూడదగినవేమున్నవి?” అని అడుగుదురు. ఈ చిన్న ప్రశ్నకు మనము చెప్పవలసిన సమాధానమును గూర్చి నేడు ముచ్చటింతును.

మా ఆలమూరు గౌతమికి ఎడమగట్టు సీమలోనిది. 2022వ సంవత్సరమున కొత్త జిల్లా యేర్పడినపుడు మేము కోనసీమ జిల్లాలో చేరితిమి. కాని నదిని బట్టి చూచినచో కోనసీమ మాకు ఆవలి గట్టు. ధవళేశ్వరమునకు దిగువ గోదావరి గౌతమి యనియు, వసిష్ఠ యనియు రెండు పాయలుగా చీలును. ఆ పాయల నడిమి భూమియే కోనసీమ. జొన్నాడవద్ద వంతెన దాటి రావులపాలెము చేరినవానికి దాని తలుపు తెరచినట్లే.

వచ్చినవారు సాధారణముగా ఒక్కదినమున పది క్షేత్రములు చూడగోరుదురు. అట్లు చూచినవారు సాయంకాలమునకు ఒక్కదానినైనను చక్కగా చూచి యుండరు. కనుక దినమునకొక చుట్టు చొప్పున చెప్పుట మేలు.

మొదటి చుట్టు ధవళేశ్వరముతో ఆరంభింపవలెను. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి కాటన్ దొరగారు కట్టించిన ఆనకట్ట కథ అక్కడి ప్రదర్శనశాలలో తెలియును. ఇప్పుడున్న బారేజి 1982లో పూర్తియైనది. దానిమీదుగా నది దాటి బొబ్బర్లంక చేరినచో, కోనసీమ పొలములకు నీరిచ్చు కాలువ తలను కన్నులార చూడవచ్చును. అక్కడినుండి ఆత్రేయపురము. బోర్లించిన కుండ క్రింద మంట పెట్టి, పలుచని బియ్యపుపిండిలో ముంచిన గుడ్డను కుండపై నొక్కమారు పరచి తీయగనే రెప్పపాటులో కాగితమువంటి రేకు వచ్చును. ఆ పూతరేకునకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. కొని తినుటకంటె, ఆ మంటయెదుట గంటలకొలది కూర్చుండు తల్లి చేతివాటము చూచుట మిన్న. ఆ పిమ్మట ర్యాలి. అక్కడ ఒక్కటే శిలలో ముందువైపు కేశవస్వామి, వెనుకవైపు జగన్మోహిని. కొప్పుముడి మొదలు కాలిమడమ వరకు శిల్పి విడిచినది లేదు. వాడపల్లి వేంకటేశ్వరుని సేవించి, రావులపాలెముమీదుగా ఇల్లు చేరవచ్చును. వాడపల్లికి ఏడు శనివారముల మ్రొక్కువారు విశేషముగా వత్తురు గనుక, చూచుటకు మాత్రమే వచ్చినవారు తక్కిన దినములలో పోవుట అందరికిని సుఖము.

రెండవ చుట్టు మందపల్లి మందేశ్వరునితో మొదలు. పలివెలలో కొప్పుగల లింగమూర్తి కొప్పేశ్వరుని చూచి, అయినవిల్లి విఘ్నేశ్వరునికి నమస్కరించి, ముక్తేశ్వరము రేవున గౌతమిని దాటిన కోటిపల్లి. అక్కడినుండి ద్రాక్షారామము. భీమేశ్వరపురాణమున శ్రీనాథుడు కీర్తించిన క్షేత్రమిది. ఆలయపు గోడలమీదను స్తంభములమీదను శాసనములు పెక్కులు కలవు. అవి చదువలేకున్నను, పిల్లలచేత ఒక్కమారు ఆ అక్షరములను తాకించి, “ఇవి మన తాతముత్తాతల చేవ్రాళ్లు” అని చెప్పుట చాలును. రామచంద్రపురము, మండపేటల మీదుగా ఆలమూరు రావచ్చును.

ఇంతవరకు చెప్పినది నేనెన్నియో పర్యాయములు అతిథులకు చెప్పినదే. చెప్పక విడిచినదొకటి కలదు. దానికొరకే ఈ ప్రసంగము.

కొన్నియేండ్ల క్రిందట వేసవిలో ఒక కుటుంబము మా యింట దిగినది. నేను పై క్షేత్రములన్నియు వర్ణించి చెప్పితిని. సాయంకాలము వారు గౌతమి చూడబోయిరి. పండ్రెండేండ్ల పిల్లవాడు మోకాలిలోతు నీటిలో నడచుచు నడచుచు హఠాత్తుగా మునిగిపోయెను. అచట ఇసుక త్రవ్విన గొయ్యి యున్నది. పైన నీరు అద్దమువలె నిలిచియుండును గనుక కన్నునకు తెలియదు. దైవవశమున పడవవాడొకడు చూచి దూకి, జుట్టు పట్టి పైకి లాగెను. పిల్లవాడు బ్రతికెను. రాత్రి ఆ తండ్రి నాతో, “మాస్టారూ! శిల్పి చెక్కిన కొప్పుముడి సంగతి చెప్పితిరి. ఈ గోతి సంగతి మీకు తెలియదా?” అని మెల్లగా అడిగెను. తెలియును. ఊరిలో అందరికిని తెలియును. మన పిల్లలకు చిన్ననాటినుండి చెప్పుచుందుము గనుక వారా వైపు పోరు. అతిథికి చెప్పవలెనని మాత్రము నాకు తోచలేదు. ముప్పదియేండ్లు పాఠములు చెప్పిన నోరు ఆ రాత్రి బదులు పలుకలేదు.

2019 సెప్టెంబరులో పాపికొండలు చూడబోయిన పడవ కచ్చులూరువద్ద వరదలో మునిగి పదులకొలది ప్రాణములు పోయిన వార్త మీరందరును వినియుందురు. అది కొండలనడుమ, ఇది మన రేవు. నది ఒక్కటే. ఆషాఢము మొదలు భాద్రపదము వరకు వరద. బారేజివద్ద తలుపులెత్తిన పిమ్మట దిగువను నీరు చూచుచుండగనే పెరుగును. వేసవిలో గోతులు. ఇసుకతిన్నె అంచు గట్టిగా కనబడును గాని కాలు మోపినంతనే జారును.

కావున పెద్దలకు నా మనవి. గుడిదారి చెప్పిన నోటితోనే రేవుసంగతి కూడ చెప్పుడు. మెట్లున్నచోటనే స్నానము చేయుడని చెప్పుడు. గోతులున్న రేవులలో ఎర్రగుడ్డ కట్టిన వెదురుగడలు పాతించుడు. దీనికి రెండు వెదుళ్లును, ఒక పూట పనియు చాలును. తేలుడుచొక్కాలు లేని పడవ యెక్కవలదని అతిథికిని, ఎక్కింపవలదని పడవవానికిని చెప్పుడు. పడవవాడు మన ఊరివాడే. మన మాట వినును.

లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు వేళ కాని వేళ వచ్చిన బాటసారులకు అన్నము పెట్టి 1909లో కీర్తిశేషులైరి. ఆమె పుట్టినిల్లు మాకు చేరువనున్న మండపేట. నేడు బడిపిల్లల మధ్యాహ్నభోజనమునకు ప్రభుత్వమువారు ఆమె పేరే పెట్టిరి. ఆ తల్లి పుట్టిన సీమలో అతిథికి అన్నము కరవు కాలేదు, కాబోదు. కాని అన్నము పెట్టినంతమాత్రమున ఆతిథ్యము పూర్తి కాదు. వచ్చినవారిని లెక్కపెట్టుకొని, అందరిని తిరిగి బండియెక్కించి, గుమ్మమువద్ద నిలిచి సాగనంపినప్పుడే అది పూర్తియగును.

ఆ పిల్లవాడిప్పుడు పెద్ద చదువులు చదువుచున్నాడు. ప్రతి సంక్రాంతికి నాకొక జాబు వ్రాయును. అది అందిన దినమున నేను రేవునకు బోయి వెదురుగడ యున్నదో లేదో చూచి వచ్చెదను.