పూచీ ఎవరిది?

(రాయలసీమలోని ఒక చిన్న పట్టణంలో జరిగిన న్యాయ అవగాహన సదస్సులో, అక్కడి కోర్టులో వృత్తి నిర్వహిస్తున్న న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



నేర న్యాయ వ్యవస్థ గురించి, అందులో ముస్లింల స్థితి గురించి మాట్లాడమన్నారు. ఆ మాట వినగానే మనకు పెద్ద కేసులు గుర్తుకు వస్తాయి. 2007 మే 18న హైదరాబాదులో మక్కా మసీదు పేలుడు జరిగిన తరువాత పట్టుబడి, జైలు జీవితం గడిపి, చివరకు నిర్దోషులుగా బయటపడిన యువకులు గుర్తుకు వస్తారు. ఆ చర్చ జరగవలసిందే. కానీ మా వంటి చిన్న కోర్టులలో రోజూ కనిపించేవి అటువంటి కేసులు కావు. బస్టాండులో తోపులాట, సంతలో తగాదా, ప్రహరీగోడ వివాదం, ఎవరిదో బండి ఎవరి దగ్గరో దొరకడం వంటివే. వీటిని గురించి పత్రికలు రాయవు. అయితే ఒక కుటుంబాన్ని వీధిన పడవేయడానికి వీటిలో ఏ ఒక్కటైనా చాలు. అందుకే ఈనాడు చిన్న కేసుల గురించి, వాటిలోనూ ఒకే ఒక్క సంగతి గురించి మాట్లాడతాను. అది జామీను.

ముందుగా ఒక మాట ముచ్చట. మన తెలుగు కోర్టు భాషలో సగం మాటలు అరబీ, ఫార్సీ భాషల నుంచి ఉర్దూ మీదుగా వచ్చినవే. వకీలు, ఫిర్యాదు, దస్తావేజు, వాయిదా, జామీను, ముద్దాయి. వీటిలో ముద్దాయి అనే మాట ప్రయాణం విచిత్రమైనది. ఉర్దూలో 'ముద్దయీ' అంటే దావా వేసినవాడు, ఫిర్యాదు చేసినవాడు. తెలుగులోకి వచ్చేసరికి నేరం మోపబడినవాడైనాడు. ఈ మార్పు ఎలా జరిగిందో భాషావేత్తలు చెప్పాలి. కానీ తగాదాలో దెబ్బలు తిని ఫిర్యాదు ఇవ్వడానికి ఠాణాకు వెళ్లినవాడు, ఎదుటి పక్షం కూడా ఫిర్యాదు ఇవ్వడంతో సాయంత్రానికి ముద్దాయి అయి కూర్చోవడం మన పట్టణాలలో ఎరగనివారు ఎవరు? ఆ మాట మన అనుభవం వెంట నడిచిందేమో అనిపిస్తుంది.

ఇక జామీను సంగతి. చాలామంది బెయిలు, జామీను ఒకటేననుకుంటారు. కోర్టు విడుదలకు ఇచ్చే ఉత్తర్వు బెయిలు. ఆ ఉత్తర్వు అమలు కావడానికి మరొక మనిషి ముందుకు వచ్చి, 'ఇతడు వాయిదాలకు వస్తాడు, రాకపోతే ఇంత సొమ్ము నేను చెల్లిస్తాను' అని పూచీ పడటం జామీను. బెయిలు వచ్చిందని ఇంట్లో మిఠాయి పంచుకున్న తరువాత కూడా కొడుకు జైలు గేటు దాటకపోవడానికి కారణం ఈ తేడాయే.

పూచీ పడే మనిషి ఏమి చూపించాలి? పట్టాదారు పాసుపుస్తకం, సొంత ఇంటి పన్ను రసీదు, లేదా ప్రభుత్వోద్యోగి జీతం పత్రం. కొన్నిచోట్ల తహశీల్దారు ఇచ్చే ఆస్తి విలువ ధ్రువపత్రం. ఇప్పుడు మన వీధులను ఒకసారి కళ్ల ముందుకు తెచ్చుకోండి. పరుపులు కుట్టేవారు, పంక్చర్లు వేసేవారు, పండ్ల బండ్లవారు, దర్జీలు, వెల్డింగు పనివారు, లారీ మెకానిక్కులు. చేతిలో పని ఉంది, పేరు మీద భూమి లేదు. ఉంటున్నది అద్దె ఇల్లు, లేదా దర్గా స్థలంలో తాతల నాడు వేసుకున్న గది. మూడు తరాలుగా ఈ ఊరి మట్టిలో బతికి, ఈ ఊరి శ్మశానంలో పెద్దలను పూడ్చుకున్న మనిషి కోర్టు కాగితాల లెక్కలో పూచీకి పనికిరాడు. ఎందుకంటే కాగితం ఆస్తిని అడుగుతుంది గాని, మనిషిని అడగదు.

ఒక కేసు చెబుతాను. పేర్లూ, ఏ కోర్టన్నదీ అవసరం లేదు. పరుపులు కుట్టే దూదేకుల యువకుడు. సంతలో ఆటో నిలిపే చోటు దగ్గర గొడవ. ఇరుపక్షాలకూ గాయాలైనాయి. అతని సంచిలో ఉన్న దబ్బనం కేసు కాగితాలలో ఆయుధమైంది. తొమ్మిదవ రోజున బెయిలు మంజూరైంది. షరతు: తలా పదివేల రూపాయలకు ఇద్దరు జామీనుదారులు. తండ్రిది అద్దె ఇల్లు. బావగారికి సొంత ఇల్లు ఉంది, కానీ అది కర్ణాటకలోని బాగేపల్లిలో. వేరే రాష్ట్రపు ఆస్తి చెల్లదన్నారు. పని ఇచ్చిన యజమానిది దుకాణమే అద్దెది. అలా బెయిలు వచ్చిన తరువాత ఇరవై రెండు రోజులు ఆ యువకుడు సబ్ జైలులోనే ఉన్నాడు. అవి పెళ్లిళ్ల రోజులు. పరుపుల పనివాడికి ఏడాది తిండి సంపాదించి పెట్టే రోజులు అవే.

చివరకు ఇద్దరు వేరుశనగ రైతులు వచ్చారు. తమ ఆడబిడ్డల పెళ్లిళ్లకు ఆ కుటుంబం దగ్గరే పరుపులు కుట్టించుకున్నవారు, హిందువులు. కలుపు తీసే పని వదులుకుని వచ్చి, పాసుపుస్తకాలు చంకలో పెట్టుకుని కోర్టు ఆవరణలోని వేపచెట్టు కింద సాయంత్రం దాకా కూర్చున్నారు. వారిలో పెద్దాయన అన్నమాట ఇది: "నాకు చట్టం గిట్టం తెల్దు సార్. ఆ పిల్లోడు యాడికీ పోడు. అది మాత్రం తెలుసు."

సోదరులారా, సుప్రీంకోర్టు అడగమన్నది కూడా సరిగ్గా ఆ మాటనే. 1978లో మోతీరామ్ కేసు వచ్చింది. మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక పేద తాపీమేస్త్రీ కేసు అది. పదివేల రూపాయల జామీను అడిగారు. అతని సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉన్నదని పూచీని తిరస్కరించారు. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ షరతును తప్పుబట్టి, వెయ్యి రూపాయల సొంత పూచీకత్తుపై విడుదల చేయమన్నారు. ఒక ఆంధ్రుడు బస్తర్‌లోనో, చాందినీచౌక్‌లోనో అరెస్టయితే స్థానిక జామీనుదారును ఎక్కడి నుంచి తెస్తాడని ఆ తీర్పులోనే ప్రశ్నించారు. ఆ మరుసటి ఏడాది, 1979లో, హుస్సైనారా ఖాతూన్ కేసులో జస్టిస్ పి.ఎన్. భగవతి మరొక అడుగు ముందుకు వేశారు. బీహారు జైళ్లలో ఏళ్ల తరబడి విచారణ లేకుండా మగ్గిన పేదల కేసు అది. ముద్దాయి ఆ ఊరిలో ఎంతకాలంగా ఉంటున్నాడు, ఏ పని చేస్తున్నాడు, కుటుంబ బంధాలు ఏమిటి, అతని నడవడి గురించి చెప్పగల బాధ్యులైన మనుషులు ఉన్నారా అనేవి చూసి, పారిపోయే ప్రమాదం లేదనిపిస్తే సొంత పూచీకత్తుపై విడిచిపెట్టవచ్చునన్నారు. ఒక ముస్లిం స్త్రీ పేరుతో భారత న్యాయ చరిత్రలో నిలిచిపోయిన తీర్పు ఇది. నలభై ఏళ్లు దాటినా మన తాలూకా కోర్టు మెట్ల దాకా పూర్తిగా రాలేదు.

కఠినమైన షరతును సమర్థించేవారి వాదనను కూడా న్యాయంగా వినాలి. ముద్దాయి పారిపోతే ఫిర్యాదికి న్యాయం ఎలా జరుగుతుందని వారు అడుగుతారు. సబబైన ప్రశ్నే. ఆ ఫిర్యాది కూడా మనలాంటి పేదవాడే కావచ్చు. కానీ ఆస్తి పత్రం ఆ భయాన్ని తీరుస్తుందా? కొన్ని కోర్టుల చుట్టూ కిరాయి జామీనుదారులు తిరుగుతుంటారు. ముద్దాయి ముఖం కూడా ఎరుగరు. సొమ్ము తీసుకుని సంతకం చేస్తారు. డబ్బున్నవాడు ఆ సంతకం కొనుక్కుని వెళ్లిపోతాడు, పారిపోదలిస్తే పారిపోతాడు కూడా. ఎక్కడికీ పోలేనివాడు, పోయే దారి లేనివాడు లోపల మిగిలిపోతాడు. ఏ పని కోసం ఈ షరతు పెట్టారో ఆ పనికి ఇది అక్కరకు రావడం లేదన్నమాట.

లోపల మిగిలిపోయినవాడి మీద మరొక ఒత్తిడి పడుతుంది. చిన్న కేసు అయితే, 'ఒప్పుకో, జరిమానాతో పోతుంది' అని చుట్టూ ఉన్నవారే సలహా ఇస్తారు. చేయని నేరాన్ని ఒప్పుకుని ఇంటికి వచ్చినవారు మన మధ్యనే ఉన్నారు. ఆ రోజుకు అది విడుదల. మరి తరువాత? కువైటుకు పోవాలని పాస్‌పోర్టుకు దరఖాస్తు పెడితే, పోలీసు విచారణలో ఆ పాత కేసు పైకి వస్తుంది. చట్టప్రకారం చిన్న జరిమానా శిక్ష అడ్డు కానక్కర లేదు. కానీ ఆ మాట ఠాణాలో వాదించగల శక్తి ఎందరికి ఉంది? పండుగలకు, ఎన్నికలకు ముందు బైండోవర్ల జాబితా రాసేటప్పుడు కూడా రికార్డులో ఉన్న పేరే ముందు కనిపిస్తుంది. అప్పుడు తహశీల్దారు ఎదుట మళ్లీ పూచీకత్తు, మళ్లీ జామీనుదారుల కోసం వెతుకులాట.

ఇది ఒక వీధి కథ కాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో ఉన్న దాదాపు 5.73 లక్షల మందిలో 4.34 లక్షల మంది విచారణ ఖైదీలే. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురు. 2011 జనాభా లెక్కలలో ముస్లింలు 14.2 శాతం. విచారణ ఖైదీలలో వారి వాటా అంతకంటే ఎక్కువగానే నమోదవుతున్నది. దళితుల, ఆదివాసుల విషయమూ అంతే. ఒకనాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం పుట్టుకకే నేరాన్ని అంటగట్టిన ఎరుకల వంటివారు ఈ బాధను మనకంటే ముందు నుంచే ఎరుగుదురు.

కాబట్టి చట్టం ఇప్పటికే ఇచ్చినవాటిని అడిగి తీసుకోవాలి. వాటిని వరుసగా చెబుతాను, దయచేసి గుర్తుంచుకోండి.

మొదటిది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత జామీనుదారు లేని సొంత పూచీకత్తును, జామీనుతో కూడిన పూచీకత్తును వేరువేరుగా నిర్వచించింది. బెయిలు ఇవ్వదగిన నేరాలలో, వారం రోజులలో జామీను ఇవ్వలేకపోయినవాడిని పేదవాడిగా భావించి సొంత పూచీకత్తుపై విడిచిపెట్టాలని 478వ సెక్షను చెబుతున్నది.

రెండవది. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు. బెయిలు వచ్చిన ఏడు రోజులలో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలి. నెల రోజులలో పూచీకత్తు సమర్పించలేకపోతే కోర్టు తనంతట తానే షరతులను సడలించే విషయం పరిశీలించవచ్చు. స్థానిక జామీనుదారులే కావాలన్న పట్టుదల విడుదల ఆలస్యానికి ఒక కారణమని గుర్తించి, అటువంటి షరతు వద్దన్నారు.

మూడవది. మొదటిసారి కేసులో చిక్కుకున్నవాడు ఆ నేరానికి గల గరిష్ఠ శిక్షలో మూడవ వంతు కాలం విచారణ ఖైదీగా గడిపితే 479వ సెక్షను కింద విడుదలకు అర్హుడు. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడదగిన నేరాలకు ఇది వర్తించదు. ఒకటికి మించి కేసులు ఉన్నవారికీ వర్తించదు. 'ఉన్న కేసుతో పాటు ఇంకొకటి' అంటూ పేరు చేరుస్తుంటే ఊరుకోకూడదని చెప్పేది అందుకే.

నాలుగవది. పేద ఖైదీల కోసం 2023లో కేంద్రం తెచ్చిన పథకం కింద, జామీను సొమ్ము కట్టలేని విచారణ ఖైదీకి సాయం అందుతుంది. కొన్ని తీవ్రమైన చట్టాల కింది కేసులకు ఇది లేదు. నిర్బంధంలో ఉన్న ప్రతి మనిషికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఉచిత న్యాయవాది లభిస్తాడు. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు.

ఇక మన వంతు. కోర్టు 'బాధ్యులైన మనుషులు ఉన్నారా' అని అడగవచ్చునని 1979లోనే చెప్పారు కదా. ఆ మనుషులం మనం కావాలి. ప్రతి మొహల్లాలో కాగితాలు సరిగా ఉండి, పూచీ పడటానికి సిద్ధపడేవారి జాబితా ఒకటి తయారు కావాలి. తెలిసిన మనిషికే పూచీ పడాలి, ఒక్క రూపాయి తీసుకోకూడదు. అరెస్టు జరిగిన మొదటి రోజునే ముద్దాయి నివాసం, పని, పిల్లల బడి వివరాలతో కాగితాలు న్యాయవాదికి అందాలి. విడుదలైనవాడు ప్రతి వాయిదాకూ హాజరయ్యేలా చూసే పూచీ కూడా మనదే. ఒక్కడు ఎగవేస్తే, రేపు పదిమందికి ఆ తలుపు మూసుకుపోతుంది. జకాత్ ఖర్చు చేయవలసిన పద్దులలో బానిసత్వంలో ఉన్నవారి విడుదల ఒకటని మీకు తెలుసు. ఈ కాలానికి దాని అర్థమేమిటో ఉలమాలు ఆలోచించి మార్గం చూపాలని కోరుతున్నాను. అయితే ఆ జాబితా మన మతం వారికే పరిమితం కాకూడదు. పక్క బ్యారక్‌లోని ఎరుకల యువకుడికి మన మసీదు సదర్ సాహెబ్ పూచీ పడిన రోజున, వేపచెట్టు కింద కూర్చున్న ఆ రైతుల రుణం కొంత తీరుతుంది.

ప్రభుత్వాన్ని, న్యాయస్థానాలను మనం అడిగేది దయ కాదు. నేరం రుజువయ్యేవరకు మనిషి నిర్దోషి అన్న మాటకు, అతని పేరు మీద ఎకరం భూమి ఉన్నా లేకపోయినా ఒకే విలువ ఉండాలి. ఈ సభ నుంచి వెళ్లేటప్పుడు ఒక్క పని చేయండి. మీ వీధి నుంచి బెయిలు వచ్చి కూడా లోపలే ఉన్నవారు ఎవరైనా ఉన్నారేమో కనుక్కోండి. ఉంటే, రేపు ఉదయం పదిన్నరకు ఆ కాగితాలతో కోర్టు దగ్గరకు రండి.

సెలవు.