ఇంకా రేడియో ఎవరు వింటున్నారండీ?

(ప్రపంచ రేడియో దినోత్సవం సందర్భంగా ఫిబ్రవరి 13న మన సంఘ భవనంలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఫోను చేసినప్పుడు మా కోడలు పక్కనే ఉంది. "మామయ్యగారూ, ఇంకా రేడియో ఎవరు వింటున్నారండీ?" అంది. ఎగతాళికి అన్న మాట కాదు. ఆ పిల్లకి నిజంగానే తెలియదు. సెల్‌ఫోనులో పేరు చెబితే చాలు, ఘంటసాల పాటైనా నిన్న విడుదలైన సినిమా పాటైనా వచ్చేస్తున్న రోజుల్లో, ఎవరో వేసే పాట కోసం చెవి ఒగ్గి కూర్చునే వాళ్లుంటారా అని దాని సందేహం. సందేహం న్యాయమైనదే. నేను రెవెన్యూలో ముప్పయ్యారేళ్లు గుమాస్తాగిరీ వెలగబెట్టి సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయినవాణ్ణి. పాత కాగితాలు చూడకుండా నోటు పెట్టే అలవాటు లేదు. కనుక ముందు ఫైలు మొదటి పేజీ నుంచి చూద్దాం.

మనకు తెలుగు మాట రేడియోలో వినబడింది 1938లో మదరాసు కేంద్రం మొదలైనప్పుడు. మన విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చింది. నైజాములో నడుస్తున్న దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. విశాఖపట్నం, కడప కేంద్రాలు 1963లో వచ్చాయి. సినిమా పాటల కోసం సిలోను పట్టుకు వేళ్లాడుతున్న జనాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి 1957లో వివిధభారతి పెట్టారు. అప్పటికి అయిదేళ్ల కిందటే ఆకాశవాణిలో సినిమా పాటలు వద్దని ఆంక్ష పెట్టి, శ్రోతల్ని చేజేతులా సిలోనుకు అప్పగించింది కూడా ప్రభుత్వమే. మీనాక్షి పొన్నుదురై గారి గొంతు ఇక్కడున్న చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆవిడ లంకలో కూర్చుని తెలుగు పాటలు వేస్తే మనం ఇక్కడ మధ్యాహ్నం భోజనాలు ముగించుకుని సెట్టు దగ్గర చేరేవాళ్లం.

మా ఊళ్లో మొదట రేడియో ఉన్నది పంచాయతీ ఆఫీసులో. సాయంత్రం బంట్రోతు తాళం తీసి సెట్టు పెడితే, రావిచెట్టుకు కట్టిన లౌడుస్పీకరులోంచి వ్యవసాయం కబుర్లు, ధరవరలు, వార్తలు వరసగా వచ్చేవి. చెట్టుకింద అరుగు మీద కులాలవారీగా దూరదూరంగా కూర్చున్నా, చెవిలో పడేది మాత్రం అందరికీ ఒకటే. నెహ్రూగారు పోయిన వార్త 1964 మే నెలలో నేను విన్నది ఆ అరుగు మీదే. నాకప్పుడు పధ్నాలుగేళ్లు.

తర్వాత ఇళ్లల్లోకి మర్ఫీలూ, ఫిలిప్సులూ, బుష్షులూ వచ్చాయి. స్విచ్చి వేసిన తర్వాత లోపల వాల్వులు వేడెక్కేదాకా అర నిమిషం ఆగాలి. ఆ అర నిమిషం ఇంటిల్లిపాదీ మాట్లాడకుండా ఉండేవాళ్లు, ఎందుకో నాకిప్పటికీ తెలియదు. రేడియో ఉంటే లైసెన్సు ఉండాలి. పోస్టాఫీసులో ఏడాదికి పదిహేను రూపాయలు కట్టి పుస్తకంలో స్టాంపు వేయించుకోవాలి. ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు. పాట వినడానికి సర్కారుకి పన్నా అంటారు. 1980లలో అది రద్దయింది.

మన విజయవాడ కేంద్రం సంగతి వేరే చెప్పాలి. బాలాంత్రపు రజనీకాంతరావు గారు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు పనిచేసిన కేంద్రం అది. పొద్దున్నే భక్తిరంజని వస్తుంటే ఆడవాళ్లు ముగ్గు గిన్నెతో వాకిట్లో ఉండేవాళ్లు. నండూరి సుబ్బారావు గారు, సి. రామమోహనరావు గారు, వి.బి. కనకదుర్గ గారు నాటకంలో ఉన్నారంటే ఆ వేళకి పక్కింటివాళ్లు కూడా మన ఇంట్లోనే. ఇక ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ గారు. రామాయణం, భారతం ఆయన చెబుతుంటే వీధి వీధంతా ఒకటే గొంతు. సత్యనారాయణపురంలో ఒక చివర బయల్దేరి రెండో చివరకు నడిచి వెళితే మధ్యలో ఒక్క వాక్యం కూడా జారిపోయేది కాదు. ప్రతి కిటికీలోంచీ ఆయనే. ధర్మసందేహాల్లో శ్రోతలు అడిగిన కొంటె ప్రశ్నలకు ఆయనిచ్చే చురకలు సోమవారం మా ఆఫీసులో మొదటి గంట కాలక్షేపం. ఆయన 1990లో పోయారు.

ఉద్యోగులుగా మనకి రేడియోతో ఇంకో సంబంధం కూడా ఉంది. కరువుభత్యం ప్రకటన మొదట విన్నది ఎక్కడండీ? ప్రాంతీయ వార్తల్లోనే కదా! 1986 సమ్మె రోజుల్లో చర్చలు ఏమయ్యాయో తెలియక, మర్నాడు పేపరు వచ్చేదాకా ఆగలేక, మా యూనియను ఆఫీసులో ఒక పాత ట్రాన్సిస్టరు చుట్టూ ముప్పైమందిమి నిలబడేవాళ్లం. వార్తలు చదివేవారి గొంతులో హెచ్చుతగ్గులు ఉండవు, అయినా ఆ గొంతులోంచే మనం శుభాశుభాలు పసిగట్టాలని చూసేవాళ్లం.

సరే, ఇదంతా పాత ఫైలు. కరెంటు ఫైలు సంగతేమిటి?

కోడలు అడిగిన ప్రశ్నకి నిజాయితీగా జవాబు చెప్పాలంటే, పని మానుకుని రేడియో ముందు కూర్చునేవాళ్లు బాగా తగ్గిపోయారు. దూరదర్శను కొంత తీసుకుపోయింది, క్యాసెట్లు కొంత తీసుకుపోయాయి, మిగిలినదాన్ని సెల్‌ఫోను తీసుకుపోయింది. బి.బి.సి. హిందీ రేడియో ప్రసారాలు 2020 జనవరితో ఆగిపోయాయి. నార్వే దేశంలో 2017లో జాతీయ కేంద్రాల ఎఫ్.ఎం. ప్రసారాలు ఆపి డిజిటల్ పద్ధతికి మారిపోయారు. అమీన్ సయానీ గారు కూడా 2024 ఫిబ్రవరిలో వెళ్లిపోయారు.

అయితే పని చేసుకుంటూ వినేవాళ్లు ఉన్నారు. వాళ్లని మనం లెక్కలో వేయడం లేదు. మా వీధి దర్జీ మిషను పక్కన సెట్టు ఉంటుంది. రాత్రి కాపలావాళ్ల దగ్గర ఉంటుంది. ఆటోల్లో, కార్లలో ఎఫ్.ఎం. మోగుతూనే ఉంటుంది. కళ్లూ చేతులూ పనిలో ఉన్నవాడికి ఫోను తెర చూసి పాట ఎంచుకునే తీరిక ఏదీ? జహీరాబాదు దగ్గర మాచ్‌నూరులో పల్లెటూరి దళిత మహిళలు 2008 అక్టోబరు నుంచి సొంతంగా సంగం రేడియో నడుపుతున్నారు. జొన్నల గురించి, విత్తనాల గురించి, తమ పాటలు తామే పాడుకుంటూ, తమ మాటలోనే చెప్పుకునే కేంద్రం అది. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. ఆ తీర్పుని అక్షరాలా అమలు చేసింది వీళ్లేనని నా అభిప్రాయం.

డిజిటల్ సంగీతాన్ని నేను తిట్టను. ఉషశ్రీ గారి రామాయణం ఇవాళ ఇంటర్నెట్టులో దొరుకుతోందంటే దాని పుణ్యమే. డాలసులో ఉన్న మా మనవడు ఆకాశవాణి వారి యాప్‌లో మన విజయవాడ కేంద్రం పెట్టి, ఇక్కడి తెల్లవారుజాము భక్తిరంజనిని అక్కడి రాత్రి భోజనాల వేళ వింటున్నాడు. ఇంకో సంగతి చూడండి. పాత హెచ్.ఎం.వి., ఇప్పటి సరిగమ కంపెనీ వారు 2017లో కారవాన్ అని ఒక పెట్టె తెచ్చారు. లోపల అయిదువేల పాటలు. చూడటానికి మాత్రం అచ్చంగా పాత రేడియోలాగే చేశారు. మనలో చాలామందికి పిల్లలు కొనిచ్చే ఉంటారు. మా ఇంట్లోనూ ఉంది, మంచిదే. కానీ అయిదువేల పాటల పెట్టెకి తుఫాను వస్తోందని తెలియదు. రేపటి రైలు రద్దయిందని తెలియదు. ఫోను అయితే మరీ విడ్డూరం. ఒకసారి భానుమతి పాట పెట్టుకున్న పాపానికి నెలరోజులు అలాంటివే తెచ్చి నెత్తిన రుద్దుతుంది. నేను అడగని పాట, మరిచిపోయిన పాట, ఎన్నడూ వినని కొత్త లలితగీతం ఎదురుపడేది రేడియోలోనే.

మన సంఘంలో ఒక మిత్రుడు ఉన్నారు, పేరు చెప్పను, ఆయన ఇక్కడే ఉన్నారు. రిటైరైన నాలుగేళ్లకి గ్లాకోమా వల్ల చూపు పోయింది. జీవితమంతా జమాబందీ అంకెలు చూసిన కళ్లు! తాకుతెర ఫోను ఆయనకి గాజుపలక. రేడియో గుండీ మాత్రం చేతికి తెలుస్తుంది. భక్తిరంజని వస్తే స్నానం, ఆరూ నలభై అయిదు వార్తలు వస్తే కాఫీ, మధ్యాహ్నం పాటల వేళకి భోజనం. "నాకు గోడగడియారం, పేపరు, తోడు మూడూ ఇదేనయ్యా" అన్నారు నాతో. ఒకరోజు ఆయన సెట్టు పాడైతే, మధ్యాహ్నం మూడింటికి నిద్రలేచి తెల్లారిందనుకుని పళ్లు తోముకున్నారట. ఆయనే నవ్వుతూ చెప్పారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. మర్నాడే కొత్త సెట్టు పట్టుకెళ్లాను.

ఇక 2024 సెప్టెంబరు 1 ఆదివారం సంగతి. సింగ్‌నగర్‌లో ఉన్నవాళ్లకి నేను చెప్పేదేముంది? బుడమేరు నీళ్లు కింది అంతస్తు ముంచేశాయి. కరెంటు పోయింది. సోమవారానికి ఫోన్లు ఒక్కొక్కటీ చల్లబడ్డాయి. మా మేడ మీద అయిదు కుటుంబాలం చేరాం. మూడు సెల్లుల ట్రాన్సిస్టరు నా దగ్గర ఒక్కటే ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర పదకొండు లక్షల క్యూసెక్కులు దాటిందని అందులోనే విన్నాం. ఆ రాత్రి ఇంకో గండి పడిందట, పై అంతస్తులు కూడా మునుగుతాయట అని చీకట్లో ఎవరో మేడ నుంచి మేడకి అరిచారు. పక్కింటాయన ఎనభై దాటిన తల్లిని భుజాన వేసుకుని గుండెలోతు నీళ్లల్లో దిగిపోతానన్నాడు. అడ్డుపడి, "తెల్లవారి వార్తల దాకా ఆగు బాబూ" అని కూర్చోబెట్టాం. మంగళవారం పొద్దున వార్తల్లో బ్యారేజీ దగ్గర వరద తగ్గుముఖం పట్టిందన్నారు. ఇంకో గండి మాట లేదు. పెద్దావిడ కొడుకు అప్పుడు మెట్లమీద కూర్చుని ఏడ్చాడు. ఆ మధ్యాహ్నమే పడవ వచ్చింది. ఆవిడ ఈనాటికీ క్షేమంగా ఉన్నారు.

మా కోడలు కూడా ఆ మేడ మీదే ఉంది. మరి ఎందుకడిగిందంటే, నీళ్లు తీశాక అందరం మరిచిపోయాం, అది కూడా మరిచిపోయింది.

"రేడియో ఉంది సరే, వినడానికి ఏముంది?" అని ఒక మిత్రుడు అడిగారు. అదీ నిజమే. కొన్నిచోట్ల స్థానిక కార్యక్రమాల వేళలు తగ్గి రిలేలు పెరిగాయి. ప్రైవేటు ఎఫ్.ఎం.లలో తెలుగు మాట కోసం దివిటీ పట్టుకు వెతకాలి. ఉపన్యాసం చెబుతున్నానని కాదు గానీ, ఒక్క కార్డుముక్క రాసి ఎన్నేళ్లయింది మనం? ప్రతి ఏటా మనం బతికే ఉన్నామని ట్రెజరీకి లైఫ్ సర్టిఫికెట్టు ఇస్తున్నాం. ఇవ్వకపోతే పింఛను ఆగుతుంది. శ్రోత ఉత్తరం కూడా కార్యక్రమానికి అలాంటి సర్టిఫికెట్టే. అది రాకపోతే ఎవరూ వినడం లేదని ఫైలు మూసేస్తారు. మూసిన ఫైలు తెరిపించడం ఎంత కష్టమో మనకంటే తెలిసినవాళ్లెవరు?

కొంచెం పనికొచ్చే సంగతులు చెప్పి ముగిస్తాను. మీడియం వేవ్‌లో గరగర ఎక్కువైందని చాలామంది సెట్టుని తిడుతున్నారు. తప్పు చాలావరకు సెట్టుది కాదు. ఎల్.ఇ.డి. బల్బులు, ఫోను ఛార్జర్లు, ఇన్వర్టర్లు ఆ చప్పుడు పుట్టిస్తాయి. సెట్టుని వాటికి దూరంగా కిటికీ దగ్గర పెట్టండి. పెట్టి, మెల్లగా తిప్పి చూడండి. లోపల ఫెర్రైటు కడ్డీ ఒకటి ఉంటుంది. అది కేంద్రం వైపు అడ్డంగా తిరిగినప్పుడు గొంతు స్పష్టంగా వస్తుంది. ఎఫ్.ఎం.కి అయితే పైనున్న చువ్వ పూర్తిగా లాగాలి. మన రెయిన్‌బో 102.2 మీద వస్తుంది. ఫోనులో ఎఫ్.ఎం. వినాలంటే చెవితీగ తగిలించాలి, ఆ తీగే ఏరియలు. కొన్ని కొత్త ఫోన్లలో ఆ రంధ్రమే ఉండటం లేదు, కొన్నిట్లో ఎఫ్.ఎం. పని చేయకుండా మూసేస్తున్నారు. అలా చేయవద్దని కేంద్ర ప్రభుత్వం 2023లో కంపెనీలకు సూచన పంపింది. కొనేముందు అడగండి. ట్రాన్సిస్టరు వాడనప్పుడు సెల్లులు తీసి పక్కన పెట్టండి, కారి లోపల తుప్పు పట్టిస్తాయి.

అటకమీద పాత సెట్లు ఉన్నవాళ్లు వచ్చే నెల సమావేశానికి పట్టుకురండి. గవర్నరుపేటలో రేడియోలు బాగుచేసే పెద్దాయన ఒకరిని ఆ రోజు పిలిపిస్తున్నాం. మజూరీ సంఘం భరించేటట్టు అధ్యక్షులవారు ఒప్పుకున్నారు. సెల్లులు మాత్రం ఎవరివి వారే తెచ్చుకోవాలి.