పాత సైకిలు: దాని పుట్టుపూర్వోత్తరాలు

1949లో మా నాన్నగారు ఒక రాలీ సైకిలు కొన్నారు. ఆయన తెనాలి సమీపాన ఒక గ్రామంలో ఉపాధ్యాయులు. పాఠశాలకు రానూ పోనూ ఆరు మైళ్లు ఆ బండి మీదనే. ముందు గొట్టం మీద తువ్వాలు మడిచి వేసి నన్ను కూర్చుండబెట్టుకొనేవారు. 1964లో మా అక్కయ్య వివాహానికి దానిని అమ్మివేశారు. ఆయన జమాఖర్చుల పుస్తకంలో బండి నెంబరు మాత్రం నిలిచిపోయింది.

నిరుడు విజయవాడలో ఒక పాత సామానుల అంగడి ముందు గోడకు ఆనించి ఉన్న సైకిలును చూచి ఆగిపోయాను. ముందుభాగాన కొంగ తల గల రాలీ ముద్ర ఉన్నది. "అసలు ఇంగ్లండు సరుకండీ, తమకు తెలియనిదేముంది!" అన్నాడు అంగడి యజమాని. తెలియనిది చాలా ఉన్నదని ఇంటికి తెచ్చుకొన్న తరువాత బోధపడింది.

ముద్ర అనేది రెండు చీలల పని. ఎవరైనా ఊడదీయవచ్చు, ఎవరైనా బిగించవచ్చు. చైను చక్రం చూడగా దానిలో బి.ఎస్.ఏ. అక్షరాలు కోసి ఉన్నవి. అది బర్మింగ్‌హాంలో తుపాకులు చేసిన కంపెనీ. మూడు తుపాకులు ఆనించి నిలిపినట్లుండే బొమ్మ వారి గుర్తు. రాలీది నాటింగ్‌హాం. రాలీ వారి చక్రంలో కొంగ తలలుండేవి. హంబరు బండికయితే ముందు ఫోర్కు ఒక్కొక్క ప్రక్క రెండేసి సన్నని గొట్టాలతో ఉండేది. దానిని దూరం నుంచే పోల్చవచ్చు. 1932లో హంబరు సైకిళ్లు, 1957లో బి.ఎస్.ఏ. సైకిళ్లు రాలీ వారి చేతికే వచ్చాయి. మూడు గేర్ల స్టర్మీ ఆర్చరు హబ్బు ఉంటే దాని మీద సంవత్సరపు చివరి రెండంకెలు కొట్టి ఉంటాయి. అయితే అది హబ్బు వయస్సే గాని బండి వయస్సు కాదు. చక్రాలు మారనిదెక్కడ?

చక్రం ఒకరిది, ముద్ర ఒకరిది అయినప్పుడు ఫ్రేము ఎవరిది? ఈ సందేహం తీరకుండానే మరమ్మతుకు ఇచ్చాను. అది నా తొందరపాటు. మేస్త్రీ మంచి పనివాడే. క్రాంకుకు ఉన్న కాటర్ పిన్నును ఊరికే సుత్తితో కొట్టక, క్రాంకు కింద ఇనుప గొట్టం ఆనించి కొట్టాడు. లేకపోతే దెబ్బంతా లోపలి గోలీల మీద పడుతుంది. కుడి కప్పుకు ఎడమ మర ఉంటుందని కూడా ఎరిగినవాడే. కాని బజారులో కొన్న కొత్త కప్పు రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోయింది. "తుప్పండీ, పొడుగు పానా వేస్తే అదే పోతుంది" అని లేచాడు. "కాస్త ఆగవయ్యా" అన్నాను.

పాత కప్పుకు మరల గేజి పెట్టి చూచాము. అంగుళానికి ఇరువది ఆరు చుట్లు! తక్కిన కంపెనీల బండ్లకు ఇరువది నాలుగే. నాటింగ్‌హాం రాలీ వారు చాలాకాలం తమ మర తమదిగానే ఉంచుకొన్నారు. ఆ పానా వేసి ఉంటే ఫ్రేము లోపలి మర చెడి, బండి ఇనుప కొట్టుకు పోవలసివచ్చేది. పాత కప్పులనే కిరసనాయిలుతో కడిగి, ప్రక్కకు పదకొండేసి పావు అంగుళం గోలీలు గ్రీజులో కూర్చాము. కప్పులు నున్నగానే ఉన్నాయి. ఫ్రేము రాలీదే, బి.ఎస్.ఏ. చక్రమే నడుమ వచ్చిన చుట్టం.

అటక మీద పాత బండి ఉన్న శ్రోతలకు ఒక్క మాట. మెరిసే భాగాలను గరుకు కాగితంతో రుద్దకండి. తుప్పుతో పాటు పూత కూడా పోతుంది. నూనె రాసి, నలిపిన అల్యూమినియం రేకు కాగితంతో మెల్లగా రుద్దితే చాలు. మేస్త్రీ ఫ్రేమంతటికీ నల్లరంగు వేద్దామన్నాడు. మడ్గార్డు మీద బంగారు గీత ఇంకా జానెడు మిగిలి ఉన్నది. ఒప్పుకోలేదు.

ఇక నెంబరు. సీటు కింద, గొట్టాలు కలిసే అతుకు మీద అది ఉండాలి. అక్కడ ఎవరో ఆకుపచ్చ రంగు దట్టంగా పూసి ఉన్నారు. మూడు సాయంత్రాలు కూర్చుండి కొద్దికొద్దిగా తీశాను. నాన్నగారి పుస్తకం ప్రక్కన తెరిచి పెట్టుకొన్నాను. మొదటి అంకె కలిసింది. రెండవదీ కలిసింది. మూడవ దాని దగ్గర చేయి వణికిందని చెప్పడానికి సిగ్గుపడను.

మూడవది కలవలేదు. తరువాతివీ కలవలేదు.

మేస్త్రీ నా ముఖం చూచి, "తిరిగి ఇచ్చేస్తారా అయ్యగారూ?" అన్నాడు. నాన్నగారి నెంబరు కింద కొంత ఖాళీ ఉన్నది. అక్కడ ఈ నెంబరు, కొన్న తేదీ, వెల రాసి, సంతకం చేశాను. మరునాడు ఉదయం ఆ బండి మీదనే వెళ్లి పాలు తెచ్చాను.