షడ్రసములును నోటి స్పర్శయు

వైద్యులును, తార్కికులును, భోజనప్రియులును గూడియున్న యీ సభలో రుచిని గూర్చి ప్రసంగింప బూనుట సాహసమే. అయినను ఈ మూడు తెగలవారికిని సంబంధించిన చిక్కొకటి చిరకాలముగ నన్ను విడువక పీడించుచుండుటచే, నేటి యుపన్యాసమునకు దానినే విషయముగ గైకొంటిని. కారము నాలుక యెఱిగెడి రసమా, లేక చర్మ మెఱిగెడి స్పర్శమా?

చరకసంహిత సూత్రస్థానము ఇరువదియాఱవ యధ్యాయమున, చైత్రరథ మను వనమున ఋషులు సమావేశమై రసము లెన్ని యని వాదించిన వృత్తాంతము గలదు. భద్రకాప్యుడు రస మొక్కటియే యనెను. తరువాతివారు ఒక్కొక్కటి చొప్పున పెంచుచు బోగా, విదేహరాజగు నిమి క్షారమునుగూడ జేర్చి యేడనెను. కాంకాయనుడు రసములు లెక్కకే యందవనెను. పునర్వసు ఆత్రేయుడు అందఱి పక్షములను విని, మధురము, ఆమ్లము, లవణము, కటువు, తిక్తము, కషాయము అని ఆఱుగా నిర్ణయించెను. క్షారమును ద్రోసివేయుటకు ఆయన చూపిన హేతువులలో నొకటి మిక్కిలి గమనింపదగినది: అది అనేకేంద్రియములకు విషయమగుచున్నదట. ఆ హేతువును కటువునకు, అనగా మన కారమునకు, బట్టించి చూడుడు. ఆ యధ్యాయముననే కటులక్షణమును జెప్పుచు, అది నాలుకను బొడిచినట్లు బాధించి, నోటిని, ముక్కును, కన్నులను మండజేసి నీరు గార్పించునని వర్ణించియున్నారు. కన్నులును ముక్కును గూడ ననుభవించునది రసనకు మాత్రమే విషయ మెట్లగును?

మన తర్కసంగ్రహకర్త యన్నంభట్టు నడిగినచో చిక్కు మఱింత బిగియును. ఆయన మతమున రసనేంద్రియము నాలుక కొనయందుండును. త్వగింద్రియము శరీరమంతయు వ్యాపించియుండును. పెదవియందు రసన లేదు. నేటి శరీరశాస్త్రమును పెదవుల యెఱ్ఱని భాగమున రుచిమొగ్గలు లేవనియే చెప్పుచున్నది. అయినను ఆవకాయ ముద్ద నోటికి బోవుచు పెదవి నంటినంతనే పెదవి మండును. ఆ పలుచని చర్మము, వెండ్రుకగాని స్వేదగ్రంథిగాని లేనిదై, దేహమున మిక్కిలి సూక్ష్మముగ స్పర్శ నెఱుగు తావులలో నొకటి. దాని వార్తను మెదడునకు గొనిపోవునది రుచినాడులు గాక త్రిధారనాడి. 1997లో డేవిడ్ జూలియస్ ప్రభృతులు, మిరపలోని కాప్సాయిసిన్ ఏ గ్రాహకమును దాకుచున్నదో కనుగొనిరి. సుమారు 43 డిగ్రీల సెంటిగ్రేడు పైబడిన వేడికి స్పందించునదియు నదియే. 2021లో నోబెల్ బహుమానము జూలియస్‌కు వచ్చుటలో ఈ పరిశోధన ముఖ్యకారణము. కావున నోరు కారముచే మండుననుట యలంకారము గాదు. నాడి నిజముగనే ఉష్ణస్పర్శమును విన్నవించుచున్నది, వేడి మాత్రము లేదు. (కాప్సాయిసిన్ నీట గరుగదు, కొవ్వున గరుగును గనుక, నీళ్లు త్రాగి తహతహపడు యువకునికంటె అన్నమున నెయ్యి వడ్డించు గృహిణియే మంచి రసాయనశాస్త్రజ్ఞురాలు.)

ఆత్రేయుని కాలమున మిరపకాయ లేదుగదా యని యొకరు శంకింపవచ్చును. నిజమే, అది యమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి యోడలతో వచ్చినది. ఆయన కటువు మిరియము, పిప్పలి, శొంఠి. అయినను మిరియపు ఘాటును, అల్లపు ఘాటును ఆ గ్రాహకమునే తాకుచున్నవి గనుక శంక నిలువదు.

కషాయమును అట్టిదే. వక్కలోనో పచ్చి యరటికాయలోనో గల టానినులు లాలాజలమునందలి ప్రోటీనులతో గలసి ముద్దగట్టగా, నోటి జిగురు పోయి, చెక్కిళ్లును చిగుళ్లును బిగుసుకొని గరుకుదేలును. మనము వగరనునది చాలవఱకు ఈ ఘర్షణమే.

దీనికి విపర్యయమును జూపు మూలిక మన యడవులలోనే గలదు. పొడపత్రి యాకును నమిలి పంచదార నోట వేసికొన్నచో తీపి యించుకయు దెలియదు. ఇసుకవలె పలుకులు మాత్రము తగులును. ఎడ్జ్‌వర్త్ అను బ్రిటిష్ అధికారి యీ వింతను 1847లో లోకమునకు దెలిపెను. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లము తీపి గ్రాహకమును గొంతసేపు పనిచేయనీయదు. స్పర్శ జోలికి బోదు. మధుర మను రసము స్పర్శమునుండి యిట్లు వేరుపడినట్లు కటువును వేఱుచేయ శక్యము గాదు, స్పర్శము దీసివేసిన పిమ్మట దానియందు మిగులున దత్యల్పము గనుక.

అట్లయిన ఆత్రేయుడు పొరబడెనా? కాదని నా యభిప్రాయము. క్షారము బూడిదనుండి మనుష్యుడు చేసికొను ద్రవ్య మనియు, పలురసములు గలసినదనియు ఆయన వేఱు హేతువులను గూడ జెప్పెను. కటుకషాయములన్ననో వేరులందును, పండ్లయందును స్వతస్సిద్ధముగ నున్నవి. ఏ నాడి వార్త గొనివచ్చినదను విచారము ఆయనకు లేదు. నోట బడినంతనే ద్రవ్యము తన దోషహర గుణమును వైద్యునకు దెలుపు గుఱుతేది యనునదే ఆయన వెదకినది, ఆ గుఱుతు నాలుకది యైన నేమి, పెదవిది యైన నేమి? అన్నంభట్టు మాత్రము వైద్యుడు గాడు. ఆఱింటిని రసనకే యొప్పగించిన ఆ తార్కికుని పక్షమున బదులు చెప్పువారు ఈ సభలో గలరని యెఱుగుదును. వారి యాక్షేపములను వినుటకై యిక కూర్చుండుచున్నాను.